గోడకు పసుపు రాసి చూడు

పొద్దున ఆరున్నర. ధర్పల్లిలో మార్చి ఎండ ఇంకా మొదలు కాలేదు. మీరు కొత్తింటి ముందర నిలబడి ఉన్నారు. దర్వాజ నిలబెట్టిన నాటి పసుపు కుంకుమ బొట్లు ఎండి పెచ్చులు లేస్తున్నాయి. తలుపులు ఇంకా బిగించలేదు. లోపలి నుంచి తడి సిమెంటు వాసన. పక్క జాగాలో ఉడికించిన పసుపు ఆరబోశారు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఆ ఘాటు వచ్చి సిమెంటు వాసనను మింగేస్తోంది. కాళ్ల కింద ఇసుక, చిరిగిన సిమెంటు సంచులు, నిన్న వెనక అర్రల గోడలకు కొట్టిన నీళ్ల మడుగులు.

మీ చేతిలో ఒక టేపు, పిల్లల నోటుబుక్కు. చెవి మీద పెన్సిలు. సాయంత్రం నాలుగింటికి ముగ్గురు రంగుల మేస్త్రీలు వస్తారు. బాపు దానికి ‘టెండరు’ అని పేరు పెట్టాడు. ఇంట్లో అందరూ నవ్వారు గానీ, ఆ మాట ఆయన నోట ఊరికే రాలేదు. ఏళ్ల తరబడి నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు అమ్మినవాడు. 2016 ఏప్రిల్ 14న దేశంలో ఈ-నామ్ అనే ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ మొదలైనప్పుడు తొలి విడతలోని 21 మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. కుప్ప చూసుకున్న వ్యాపారులు ఎవరి ధర వాళ్లు కంప్యూటర్లో వేస్తారు. ఒకడు వేసింది ఇంకొకడికి కనబడదు. గడువు దాటాకే ఎవరిది ఎక్కువో తేలుతుంది. రుమాలు కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునే బేరాలు ఎరిగిన మనిషికి ఇది ఎంత గొప్పగా తోచి ఉంటుందో ఆలోచించండి.

“యార్డుల మనం అమ్మేటోళ్లం, ఎక్కువ రాసినోడు కావాలె. ఇక్కడ మనం కొనేటోళ్లం, తక్కువ రాసినోడు కావాలె. గంతే కదా?” అన్నాడు రాత్రి.

అంతే కాదు. కానీ అది సాయంత్రానికి గానీ ఆయనకూ మీకూ పూర్తిగా అర్థం కాదు.

టేపు కొసను మీ చిన్నోడు మూలకు అదిమి పట్టుకున్నాడు. హాలు పొడవు 14 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10. నోటుబుక్కులో రాసుకోండి. చుట్టూ గోడలు కలిపితే 52 అడుగులు. ఎత్తుతో గుణిస్తే 520 చదరపు అడుగులు. పైకప్పు 168. మొత్తం 688. ఇక దర్వాజ ఏడడుగులకు మూడున్నర, అంటే 24న్నర. కిటికీ నాలుగుకు ఐదు, 20. వీటిని తీసేయాలా, వద్దా? తగువులన్నీ ఇక్కడే పుడతాయి. ఇంటివాడు తీసేయమంటాడు. మేస్త్రి “అంచులు ఎవరు పూస్తరన్నా?” అంటాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. దీనికి సర్కారు దగ్గర ఒక పద్ధతి ఉంది. కట్టడం పనుల కొలతలకు ఐఎస్ 1200 అనే భారతీయ ప్రమాణం ఉంది. దాని లెక్కన అర చదరపు మీటరు, అంటే సుమారు ఐదున్నర చదరపు అడుగులు, అంతకు లోపున్న కంతలకు తీసివేత లేదు. అంతకు మించి మూడు చదరపు మీటర్ల దాకా ఉన్న తలుపులు, కిటికీలకు రెండు వైపులా రంగు పడితే ఒక వైపే తీసేయాలి. అంచులకు వేరే లెక్క కట్టొద్దు. మీ దర్వాజ, కిటికీ రెండూ ఆ మూడు మీటర్ల లోపే. హాలు వైపు తీసేశారనుకోండి: 643న్నర.

ఆ అంకె కింద గీత గీయండి. హాలు నేల 168 అడుగులు. పూయాల్సింది 643. నాలుగింతలకు కొంచెం తక్కువ. సాయంత్రం ఎవడైనా “అడుగుకు ఇంత” అంటే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఈ రెండు అంకెల మధ్యనే ఉంది.

ఎనిమిదింటికి అవ్వ వచ్చింది, చాయ్ గిన్నె పట్టుకుని. వెనకే మీ భార్య, మరదలు. మరదలి చేతిలో రంగుల పట్టీ ఉంది. విసనకర్ర లెక్క విప్పితే వెయ్యికి పైగా రంగులు. పేర్లు చదివితే ఏది ఏ రంగో తెలీదు. ఏదో దీవి పేరు, ఏదో పువ్వు పేరు. మనకు దొండపండు ఎరుపు, చిలకపచ్చ, మామిడి చిగురు, ఇటుక రంగు, వంగపండు రంగు అంటే కళ్ల ముందు కనబడుతుంది. ఈ పట్టీలో మాత్రం పేరు వదిలేసి నెంబరు పట్టుకోవాల్సిందే. దుకాణంలో మిషన్ తెల్ల బేసులో చుక్కలు కలిపేది ఆ నెంబరును బట్టే.

“బావా, మా అర్రకు ఇది,” అని మరదలు ఒక నీలం చూపించింది. పాలపిట్ట రెక్క విప్పినప్పుడు కనబడే నీలం. దుబాయ్‌లో ఉన్న మీ తమ్ముడికి వీడియో కాల్ కలిపి పట్టీని ఫోను ముందు పెట్టింది.

“ఇది పచ్చగున్నది కదనే?” అన్నాడు వాడు.

“నీలం!”

“నాకైతే పచ్చగనే కనబడ్తున్నది. అన్నా, నువ్వు చెప్పు.”

ఇల్లు లేచేది వాడు పంపే పైసలతో, బాపు అమ్మే పసుపుతో. వాడి మాట కొట్టేయలేరు. ఫోను చెప్పేది నమ్మనూ లేరు. కెమెరా తనకు తోచినట్టు తెలుపును సరిచేసుకుంటుంది. అక్కడి గదిలో వాడి ఫోను వెలుగు వేరు, ఇక్కడి పొద్దు వేరు. గల్ఫ్‌లో కొడుకు, ఊళ్లో ఇల్లు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఎన్ని ఇళ్ల రంగులు ఇలా ఫోనులో ఖాయమై, సెలవుకు వచ్చిన రోజు “ఇదా?” అనిపించుకున్నాయో లెక్క లేదు.

మీ భార్యకు బూడిద రంగు కావాలి. నిజామాబాద్‌లో ఎవరింట్లోనో చూసింది. అవ్వ ఒప్పుకోలేదు.

“కొత్తింటికి బూడిదేంది బిడ్డా? పసుపు పూయించు. పండిచ్చేది పసుపు, పూసుకునేది పసుపు, గోడకు పనికిరాదా?”

బాపు మాత్రం “తెల్లగ సున్నం కొట్టి వదిలేయుండ్రి, సల్లగుంటది” అని నోటుబుక్కు అందుకుని కూడికలు సరిచూస్తున్నాడు.

ఈ గొడవ మధ్యలోకి పక్క గల్లీ ముసలాయన వచ్చాడు. సున్నాల కాలపు మనిషి. ఈత బరిగెల కొసలు నలగ్గొట్టి కుంచె చేసుకుని, గోడలకు తెల్లగా వేసి, కింద జాజు పట్టీ తీసిన చేతులు. ఇప్పుడు పని చేయడు, టెండరులో లేడు. కాబట్టి ఆయన మాట వినొచ్చు.

ఆయన పట్టీ వైపు చూడలేదు. గోడకు అరచేయి ఆనించి కాసేపు ఉంచాడు. తర్వాత అవ్వతో, “అక్కా, కొంచెం పసుపు తడిపి తే,” అన్నాడు.

అవ్వకు విషయం వెంటనే తెలిసిపోయింది. పక్క జాగా నుంచి కొమ్ము తేలేదు, ఇంట్లోని పొడే గిన్నెలో వేసి నీళ్లు పోసుకొచ్చింది. వేలు ముంచి హాలు గోడ మీద ఒక గీత గీసింది. పసుపుపచ్చ గీత. మీరు చూస్తుండగానే అంచుల నుంచి కుంకుమ రంగులోకి తిరిగింది. ఆకువక్కలో పెట్టే సున్నం పసుపులో పడితే ఎట్లా ఎర్రబడుతుందో అట్లా. హారతి పళ్లెంలో ఎర్రనీళ్లు కలిపే ప్రతి ఇంటి ఆడపడుచుకూ తెలిసిన సంగతే.

“గోడ పచ్చిగున్నది,” అన్నాడు ముసలాయన. “సిమెంటుల సున్నం ఇంకా బతికే ఉన్నది. నువ్వు దీని మీద నీలం వెయ్యి, ఎర్ర వెయ్యి, ఏదన్న వెయ్యి, తినేస్తది.”

ఇందులో మాయ ఏమీ లేదు. సిమెంటు గట్టిపడేటప్పుడు సున్నం విడుదలవుతుంది. తడిగా ఉన్న కొత్త ప్లాస్టరింగ్ గట్టి క్షారం. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. అదే క్షారం రంగు డబ్బాలోని కొన్ని వర్ణకాలనూ, రంగును గోడకు పట్టి ఉంచే జిగురునూ కొరుకుతుంది. ముందు రంగు వెలిసిపోతుంది, మచ్చలు పడతాయి. తర్వాత లోపలి తడి బయటికొస్తూ తెల్లటి ఉప్పు తేలి పొరలు ఊడతాయి. అందుకే కొత్త ప్లాస్టరింగ్‌కు 28 రోజులైనా ఆగమంటారు. వారం రోజులు నీళ్లు పట్టి, ఆ తర్వాత ఆరనివ్వాలి. నీళ్లు పట్టే రోజులను, ఆరే రోజులను చాలామంది ఒకే ఖాతాలో వేసేస్తారు. గృహప్రవేశం ముహూర్తం అయ్యగారు పెడతారు, గోడ ముహూర్తం ఎవరూ అడగరు.

ముసలాయన ఇంకో మాట కూడా చెప్పాడు. “అక్క చెప్పిన పసుపు బాగుంటది గని, రెండు కోట్లల్ల కప్పదు. బాగ మెరిసే పసుపు, బాగ మెరిసే ఎరుపు, రెండూ పల్చన. కింద తెలుపు అట్లనే కనబడ్తది, మూడోది వెయ్యాలె. గోపి రంగు తిరిగిన పసుపు తీస్కో, ఎండకు గుంజుకపోదు.”

అది కూడా నిజమే. జాజు ఎర్రమన్ను, గోపి పసుపు మన్ను; రెండింటికీ రంగునిచ్చేది ఇనుము. తుప్పు లాంటిది, ఎండ దాన్నేమీ చేయదు. వంటింటి పసుపును మాత్రం ఎండలో పెడితే నాలుగు రోజుల్లో వెలిసిపోతుంది. అన్నట్టు, మెరిసే పసుపు ఎనామిల్‌కు ఒకప్పుడు లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు వాడేవారు. 2017 నవంబరు 1 నుంచి మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు దాటకూడదు. తలుపులకూ కిటికీ ఊచలకూ కొనే చిన్న డబ్బాల మీద ఆ మాట ఉందో లేదో చూసుకోండి, పిల్లలు నోట్లో పెట్టుకునేవి ఊచలే. ఇదే లెడ్ క్రోమేట్‌ను పసుపు కొమ్ములకు మెరుపు కోసం పూస్తున్నారని బంగ్లాదేశ్‌లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2019లో బయటపెట్టారు. పసుపు పండించే ఊళ్లో ఈ మాట వింటే ఎవరికైనా కడుపు మండుతుంది.

మధ్యాహ్నం. నాలుగు రంగులవి చిన్న డబ్బాలు తెప్పించారు. కానీ గోడ పచ్చిది. అందుకని మరదలు ఉపాయం చేసింది: పాత అట్టపెట్టెలు రెండడుగుల పలకలుగా కోసి, తెల్ల ప్రైమర్ కొట్టి, వాటి మీద రంగులు రెండు కోట్లు వేసింది. తడిగా ఉన్నప్పుడు లేతగా ఉన్న నీలం ఆరాక ఒక మెట్టు చిక్కబడింది. పలకలను హాలులో కిటికీ ఎదుటి గోడకు ఆనించారు. ఒంటిగంట ఎండ నేల మీద పడి గోడకు కొడుతుంటే బూడిద రంగు వెచ్చగా కనబడింది. మీ భార్య గెలిచినట్టే ఉంది.

బాపు వచ్చి చూశాడు. “యార్డుల ఎవడన్న పసుపు కొమ్ము విరవకుంట కొంటడా?” అన్నాడు. కొమ్ము విరిస్తే లోపలి రంగు కనబడుతుంది. ఎండిందా లేదా చప్పుడే చెబుతుంది. “పట్టీల చూసి రంగు కొనుడంటే సంచి మీది బొమ్మ చూసి పసుపు కొన్నట్టే.”

నాలుగు దాటి ఇరవై నిమిషాలు. మొదటి మేస్త్రి వచ్చాడు. బండి దిగి, దర్వాజలో నిలబడి, లోపలికి ఒకసారి తొంగిచూసి, బాపు పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

మీరు ముందే మూడు కాగితాలు రాసి పెట్టుకున్నారు, మూడింటిలోనూ ఒకటే మాట. లోపలి గోడలు ఇన్ని అడుగులు, పైకప్పు ఇన్ని అడుగులు, బయట ఇన్ని. లప్పం రెండు సార్లు, గీకుడు, ప్రైమర్ ఒకటి, రంగు రెండు. రంగు మేమే కొంటాం. ఉప్పు కాగితం, బ్రష్షులు, రోలర్లు, నిచ్చెనలు మీవి. ధర కోసం ఒక ఖాళీ గడి. అందరికీ ఒకే కాగితం ఇవ్వడంలోనే టెండరు అనే మాటకు అర్థముంది. ముగ్గురూ మూడు వేర్వేరు పనులకు ధర చెబితే పోల్చడానికి ఏమీ ఉండదు.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “గివన్ని ఎందుకన్నా. మొత్తం ఇంటికి గుత్త మాట్లాడుకుందాం. మెటీరియల్ నాదే. నువ్వు తాళం చెవి ఇచ్చి పో, అయినంక వచ్చి చూసుకో.”

“ఏ రంగు వాడ్తవన్నా?”

“ఫస్ట్ క్లాస్.”

“లప్పం ఎన్ని సార్లు?”

“ఎన్నంటే అన్ని.”

అంకె చెప్పాడు. తక్కువే. బాపు కళ్లు మెరిశాయి. మీరు గోడ మీద ఒక కోటు లప్పం, నీళ్లు ఎక్కువ కలిపిన రంగు ఊహించుకున్నారు. గుత్తలో మిగిలేది అక్కడే మరి. పొద్దున ముసలాయన చెవిలో చెప్పింది కూడా గుర్తొచ్చింది: కొన్ని డబ్బాల్లో మేస్త్రి కోసం టోకెన్ ఉంటుంది, పైసలుగా మారేది. ‘ఈ రంగే బాగుంటది’ అని మేస్త్రి పట్టుబడితే దాని వెనక టోకెన్ ఉండొచ్చు. “టోకెన్ వాన్ని తీస్కోనీ, తప్పులేదు. డబ్బా మాత్రం నువ్వు కొను, బిల్లు నువ్వు పెట్టుకో,” అన్నాడాయన.

రెండో ఆయన కుర్రాడు, ముప్పై ఉంటాయేమో. వస్తూనే చెప్పులు విడిచి లోపలికి పోయాడు. వేలి కణుపులతో గోడలు తడుతూ నడిచాడు. టక్, టక్, టక్. వంటర్ర మూలన శబ్దం మారింది.

“ఇక్కడ డొల్లగున్నదన్నా. పెచ్చు పట్టలే. తాపీ మేస్త్రిని పిలిచి కొట్టించుండ్రి, నేను లప్పం పెట్టినంక ఊడితే నా మీదికొస్తది.”

బాత్రూము గోడ వెనక వైపు చూశాడు. పిట్టగోడ మీద పగులు చూశాడు. బయటికొచ్చి కాగితం ఒకటికి రెండుసార్లు చదివి, “అడుగుకు 14,” అన్నాడు. లెక్క కోసం 14 అనుకోండి; అసలు ధర ఊరికో తీరు, సీజనుకో తీరు.

మీరు పొద్దున గీత గీసిన అంకె తెరిచారు. “ఏ అడుగు? నేలదా, గోడదా?”

కుర్రాడు నవ్వాడు. దొరికిపోయిన నవ్వు. “గోడదేనన్నా.”

హాలు ఒక్కదానికే నేల లెక్కన 168ని 14తో గుణిస్తే 2,352 రూపాయలు. గోడల లెక్కన 643కు 9,002. అడగకపోతే మీరు మొదటి అంకె మనసులో పెట్టుకుని సంతకం చేసేవారు, చివర్లో రెండో అంకె చేతిలో పెట్టేవాడు. తగువు మధ్యలో ఇల్లు సగం రంగుతో ఆగిపోయేది. అటువంటి సగం ఇళ్లు మీరు చూడలేదా?

“వీడు మోసకారి,” అన్నాడు బాపు, కుర్రాడు నీళ్లు తాగడానికి పోగానే.

“గోడ తట్టి చూసింది వీడొక్కడే,” అన్నారు మీరు.

బాపు కాసేపు గడ్డం నిమురుకున్నాడు. యార్డులో తూకం దగ్గర కళ్లు కప్పే వ్యాపారే పసుపు నాణ్యం అందరికన్నా బాగా పట్టగలగడం ఆయన ఎన్నోసార్లు చూశాడు. “పని తెల్సినోడికే మోసం కూడ తెలుస్తది,” అన్నాడు చివరికి. “కాగితం గందుకే.”

మూడో మేస్త్రి రాలేదు. ఆరింటికి ఫోను చేశాడు. “బస్సు దొరకలే అన్నా, రేపు పక్కా.”

కుర్రాడితో మళ్లీ కూర్చున్నారు. గోడ అడుగు అని కాగితం మీద రాయించారు. కొలతకు ఇద్దరూ కలిసి టేపు పట్టాలి; తలుపు, కిటికీ ఒక వైపే తీసివేత. బయానా కొంచెం, లప్పం గీకుడు అయ్యాక కొంత, మొదటి కోటుకు కొంత. చివరిది, మరకలు సరిచేసి నేల కడిగి ఇచ్చాక. ఒకే గోడకు ఒకే బ్యాచ్ డబ్బాలు. డొల్ల మూల, పిట్టగోడ పగులు తాపీ మేస్త్రి ఖాతా. ధర రెండు రూపాయలు దిగింది, బాపు పట్టుదల వల్ల. ఇంకో రూపాయి దించబోతే మీరే ఆపారు. పల్చటి రంగు ఆ రూపాయి దగ్గరే మొదలవుతుంది.

ఎదురింటి ఆమెకు ఇదంతా లేదు. ఆమెది సర్కారు సాయంతో కట్టే ఇందిరమ్మ ఇల్లు. 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. 5 లక్షలు నాలుగు విడతల్లో, చివరి విడత ఇల్లు పూర్తయ్యాకే. రంగు ఆ చివరి విడత కన్నా ముందు పడాలి, అంటే చేతిలో పైసలు అయిపోయిన రోజుల్లో. మీ పలకల సంగతి విని వచ్చి చూసిపోయింది. రెండు సంచుల సున్నం పొడి తెచ్చుకుందట. కొత్త గోడంటే సున్నానికి భయం లేదు, రెండూ ఒకే జాతి. ఈ వీధిలో తొందరపడినా నష్టపోనిది ఆమె ఒక్కతే.

చీకటి పడింది. ఎల్‌ఈడీ బల్బు వెలిగించారు. మధ్యాహ్నం గెలిచిన బూడిద రంగు తెల్లటి వెలుగులో నీలం తిరిగి, చలి చలిగా, ఆస్పత్రి గోడలా నిలబడింది. మీ భార్య మాట్లాడలేదు. పాలపిట్ట నీలం నల్లబడింది. అవ్వ పసుపు, గోపి తిరిగినది, ఒక్కటే మధ్యాహ్నం ఎట్లా ఉందో రాత్రీ అట్లాగే ఉంది.

“నేను చెప్పలే?” అంది అవ్వ.

బేరం మళ్లీ మొదలైంది, ఇంట్లోవాళ్ల మధ్య. హాలుకూ దేవుని అర్రకూ అవ్వ పసుపు. మరదలి అర్రలో ఒక్క గోడకు నీలం, పొద్దు పడే గోడకు. మీ భార్య బూడిదను వదిలి, బల్బును పసుపు వెలుగుదానికి మార్చి చూస్తానంది; అది రేపటి పని. బాపు సున్నం స్లాబు మీదికి ఎక్కింది. తెల్లటి కప్పు ఎండను తిప్పికొడుతుందని 2023 ఏప్రిల్‌లో రాష్ట్ర సర్కారు కూల్ రూఫ్ విధానం తెచ్చింది. అందులో 600 గజాలు, అంతకు పైబడిన జాగాలోని ఇళ్లకు తప్పనిసరి, చిన్న ఇళ్లకు ఇష్టం. ఈ మాట చెబితే బాపు, “నేను చెప్పిందే సర్కారు చెప్పింది,” అన్నాడు.

తమ్ముడు మళ్లీ ఫోను చేశాడు. ఏప్రిల్ చివర్లో సెలవు, టికెట్ చేసుకోవాలి, రంగులు ఎప్పటికైతయి అని. అవ్వ గిన్నె తీసుకుని వెనక అర్ర గోడ మీద ఇంకో గీత గీసింది. హాలు గీత కన్నా తొందరగా ఎర్రబడింది.

కాగితంలో పని మొదలయ్యే తేదీ గడి ఒక్కటే మిగిలింది. కుర్రాడు ఒక తేదీ చెప్పాడు, మరదలు ఇంకోటి చెప్పింది. బాపు పెన్సిలు తీసుకుని తేదీ వేయలేదు. “అవ్వ గీసిన పసుపు పసుపుగనే ఉన్న నాడు” అని రాశాడు. దాని కింద ఇద్దరూ సంతకాలు పెట్టారు.